బొంత మనది, బహుమతి వాళ్లదా?

  పోస్టు జర పెద్దగనే ఉంటది, చివరిదాకా చదవండ్రి. కోపంల రాస్తున్న, అయితే ఉత్త కోపం మాత్రం కాదు.

మొదలు ఒక సంగతి చెప్తా. నేను డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీల పర్యావరణం మీద ఒక ప్రోగ్రాం పెట్టిండ్రు. 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' అని పోటీ. పనికిరాని వస్తువులతోని పనికొచ్చేది తయారుచెయ్యాలె. నా క్లాస్‌మేట్ ఒకామె, చందంపేట దిక్కు తండా పిల్ల, వాళ్ల దాది కుట్టిన కోత్ళి తెచ్చింది. పాత చీర ముక్కలు, చినిగిన జాకెట్టు చేతులు, పగిలిన అద్దం బిళ్లలు, అంచుకు చెల్లని పావలాలు. ఒక్క కొత్త వస్తువు లేదు అండ్ల, దారం తప్ప. జడ్జిగా వచ్చిన సారు దాన్ని రెండు వేళ్లతోని పట్టుకొని లేపి, "ఇది పాత బట్టల సంచి కదమ్మా, ఇండ్ల క్రియేటివిటీ ఏమున్నది?" అన్నడు. చుట్టూ ఉన్నోళ్లు నవ్విండ్రు.

ఫస్ట్ ప్రైజు దేనికొచ్చిందో తెలుసా? కూల్‌డ్రింక్ బాటిళ్లతోని చేసిన పూలకుండీకి. ఆ బాటిళ్లు పోటీ కోసమే కొన్నయి. ఆ వారంలనే తాగి, కోసి, కొత్త స్ప్రే పెయింట్ కొట్టిండ్రు. చెత్త లేకుంటే చెత్తను కొనుక్కొచ్చి ప్రైజు కొట్టిండ్రు!

ఆ పిల్ల ఆ కోత్ళిని బ్యాగుల పెట్టుకొని పోయింది. మళ్ల ఎన్నడూ బయటికి తియ్యలేదు.

రెండో సంగతి. పోయినేడు హైదరాబాద్‌ల ఒక ఎగ్జిబిషన్‌కు పోయిన. ఒక స్టాల్‌ల అచ్చం అసొంటి సంచే వేలాడుతున్నది. దానికి ఒక అట్టముక్క కట్టి ఉన్నది: 'వింటేజ్ బంజారా, అప్‌సైకిల్డ్'. ధర మూడు వేల ఐదు వందలు. చేతికి తీసుకొని చూస్తే అది ఎవరిదో ఫేటియా. ఒక యాడి నెలల తరబడి కుట్టుకున్న ఫేటియాను కత్తెర పెట్టి కోసి, జిప్పు పెట్టి సంచి చేసిండ్రు. "ఎవరు కుట్టింది ఇది?" అని అడిగిన. "ట్రైబల్ విమెన్ సార్" అన్నది స్టాల్ అమ్మాయి. ఏ తండా, ఏ జిల్లా, ఏ పేరు అంటే ఏం చెప్పలేదు.

మా తండాకు పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేటోళ్లు వస్తరు. మా చిన్నమ్మ తన అత్త ఫేటియా, కాంచళి రెండూ ఇచ్చి రెండు స్టీలు గిన్నెలు తీసుకున్నది. ఆ గిన్నెలకు, ఆ మూడు వేల ఐదు వందలకు మధ్యల ఉన్నదే నేను అడుగుతున్న ప్రశ్న. అదే గుడ్డ మన చేతుల ఉంటే మురికి, వాళ్ల షాపుల ఉంటే డిజైన్. గుడ్డ మారలేదు. కుట్టు మారలేదు. అమ్మేటోడు మారిండు, అంతే.

ఇప్పుడు మనకు రీసైక్లింగ్ నేర్పిస్తమని వస్తున్నరు. రీడ్యూస్, రీయూజ్, రీసైకిల్ అని స్కూల్ గోడల మీద రాస్తున్నరు. నేర్పేటోళ్లు ఒక్కసారి తండాకొచ్చి కండ్లు తెరిచి చూడాలె.

యూరియా సంచులు విప్పి కుడితే మిరపకాయలు ఎండబోసే పట్ట. నూనె డబ్బా మీది రేకు కోస్తే నీళ్ల బకెట్. పాత టైరు కోస్తే బాయిల బొక్కెన, పశువులకు తొట్టి. పాత చీర మొదలు పిల్లగాని తొట్టెల, తర్వాత బొంత, ఆ తర్వాత అడవి పందులు రాకుండ చేను చుట్టూ కట్టే కంచె, ఆఖరికి పొయ్యి కాడ మసిగుడ్డ. ఒక్క చీరకు నాలుగు జన్మలు. ఎలక్షన్ అయిపోయినంక లీడర్ల ఫ్లెక్సీలు మన బర్ల కొట్టాల మీదికి వస్తయి. ఐదేండ్లు వాళ్లు చెయ్యని పని ఆ ఫ్లెక్సీ చేస్తది, వాన ఆపుతది.

చెల్లని పైసను కూడా మన ఆడోళ్లు పారెయ్యలేదు. 2011 జూన్ 30 నుంచి పావలా చెల్లదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. దేశమంతా వాటిని డబ్బాల పడేసింది. మన అవ్వలు టుక్రి అంచుకు కుట్టుకున్నరు.

ఎరుకల అవ్వలు ఈత బరిగెలతోని గంపలల్లిండ్రు, బుట్టలల్లిండ్రు. విరిగిపోతే పొయ్యిల పోయింది, లేకుంటే మట్టిల కలిసింది. చెంచు అన్నలు అడవి నుంచి తెచ్చుకున్నది ఏదైనా తిరిగి అడవిలనే కలిసింది. మనం చెత్త చేసిన జాతులం కాదు. చెత్త మనకాడికి నడుచుకుంట వచ్చింది, రోడ్డు మీంచి వచ్చింది.

నమ్మకుంటే హైదరాబాద్ శ్రీశైలం హైవే, 765 నంబరు రోడ్డు మీద మన్ననూరు దాటినంక చూడండ్రి. అమ్రాబాద్ టైగర్ రిజర్వు అది. అండ్ల ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉన్నది. అయినా కార్ల అద్దాలు దిగుతయి, బాటిళ్లు, చిప్స్ కవర్లు అడవిల పడతయి. విసిరేటోడు ఏసీ కారుల పోతడు. వంగి ఏరేటోళ్లు రోజు కూలి మీద పనిచేసే లోకల్ పేదోళ్లు. పుణ్యం కోసం గుడికి పోయేటోడు దారిల పాపం పారేసి పోతున్నడు, దాన్ని మోసేది మనం. ఇగ మీటింగ్‌ల మైకు పట్టుకొని మనకే 'స్వచ్ఛత' చెప్తరు.

మన తండాల సంగతి చూద్దాం. 2018ల కొత్త పంచాయతీరాజ్ చట్టంతోని వెయ్యికి పైగా తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలు అయినయి. 'మా తండాల మా రాజ్యం' అని డప్పులు కొట్టినం. 2019ల పల్లె ప్రగతి కింద ట్రాక్టర్లు వచ్చినయి, డంపింగ్ యార్డులు కట్టిండ్రు. మా తండాల కూడా షెడ్డు ఉన్నది. తడి చెత్త, పొడి చెత్త అని రంగులేసి రాసిండ్రు. రెండూ కలిపి ట్రాక్టర్ల తెచ్చి, ఆ షెడ్డు పక్కనే అగ్గిపెడతరు. ఆ పొగ పోయేది తండా మీదికే, అంగన్వాడీ పిల్లల ముక్కులల్లకే.

2016ల కేంద్రం తెచ్చిన చెత్త నిర్వహణ రూల్స్ బహిరంగంగ చెత్త కాలవెట్టొద్దని చెప్పినయి. చెత్త ఏరుకొని బతికేటోళ్లను గుర్తించి పనిల కలుపుకోవాలని చెప్పినయి. అదే ఏడు వచ్చిన ప్లాస్టిక్ రూల్స్‌ల, ఆ ప్లాస్టిక్ అమ్మిన కంపెనీలే దాన్ని తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని ఉన్నది. రూలు ఢిల్లీల ఉన్నది, పొగ తండాల ఉన్నది. గుట్కా, షాంపూ ప్యాకెట్లు మన తండా కిరాణం దాక తెచ్చే తొవ్వ కంపెనీకి ఎరుకే. ఖాళీ ప్యాకెట్ తీసుకపోవడానికి మాత్రం తొవ్వ దొరకదు.

మన పని మురికి పని కాదని నేనొక్కన్నే అంటలేను. బళ్లారి జిల్లా సండూరుల మన గోర్ అక్కచెల్లెండ్ల అల్లికకు జీఐ గుర్తింపు ఉన్నది. 2023 జూలైల హంపిల జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబానీ ఆడోళ్లు కుట్టిన 1,755 వస్తువులు ఒక్కకాడ పెడితే గిన్నిస్ రికార్డు వచ్చింది. పారేసిన గుడ్డముక్కలు కలిపి కుట్టే విద్య అని అక్కడ గొప్పగ చెప్పుకున్నరు. మా కాలేజీల నవ్విన పనికే అక్కడ దేశదేశాల ప్రతినిధుల ముందల చప్పట్లు.

అయితే చప్పట్లతోనే కడుపు నిండదు. దీనికి అమెరికా కథ ఒకటి చెప్పాలె. అలబామా రాష్ట్రంల గీస్ బెండ్ అని ఒక పల్లె. బానిసలుగ బతికిన నల్లజాతి వాళ్ల వారసులది. అక్కడి ఆడోళ్లు పొలం పనిల చినిగిన ప్యాంట్లు, అంగీలు కోసి బొంతలు కుట్టేటోళ్లు, చలికి. 2002ల ఆ బొంతలను పెద్ద మ్యూజియంల పెట్టిండ్రు. 2006ల పోస్టల్ స్టాంపుల మీద వేసిండ్రు. లోకమంతా మెచ్చుకున్నది. 2007ల ఏమైందంటే, అండ్ల కొందరు ఆడోళ్లు కోర్టుకు పోయిండ్రు. మా బొంతలతోని వేరేటోళ్లు సంపాదిస్తున్నరు, మాకు రావాల్సింది రాలేదని కేసు వేసిండ్రు. తర్వాత ఏడు రాజీ అయింది. పేరొచ్చినంక కూడా పైసలు అడగక తప్పలేదు వాళ్లకు. మనకింకా పేరే రాలేదు.

ఇప్పుడు కొందరు అన్నలు అంటరు: "తమ్మీ, అది కళ కాదు, పేదరికం. కొత్త దుప్పటి కొనే పైసలు లేక బొంత కుట్టిండ్రు. మళ్ల మనల్ని బొంతలల్లకే పొమ్మంటవా?"

ఈ మాటల నిజం ఉన్నది, నేను కాదన. మా దాదికి కొనే స్తోమత ఉంటే దుప్పటే కొనేది. బొంతలనే పండాలని నేను ఎవరికీ చెప్తలేను. అన్ని రకాల రీయూజ్ మంచిదని కూడా చెప్తలేను. పత్తి చేన్లకు కొట్టిన మందు డబ్బాలు కడిగి నీళ్లకు, నూనెకు వాడే ఇండ్లు ఇప్పటికీ ఉన్నయి. ఎన్నిసార్లు కడిగినా ఆ విషం పోదు. అది పొదుపు కాదు, ప్రాణం మీదికి తెచ్చుకునుడు. దాన్ని ఇయ్యాలనే ఆపాలె. చిల్లు పెట్టి పక్కకు పెట్టాలె, ఎవరూ మళ్ల వాడకుండ.

కానీ అన్నా, పేదరికం వేరు, పనితనం వేరు. దాది చేత బొంత కుట్టించింది పేదరికం. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలె, ఏ కుట్టు వేస్తే ఇరవై ఏండ్లు ఆగుతదో చెప్పింది పేదరికం కాదు, దాది తలకాయ. మనం పేదరికం నుంచి బయటికి రావాలె, నిజమే. వచ్చేటప్పుడు ఆ తలకాయను స్టీలు గిన్నెకు అమ్ముకొని వస్తే మిగిలేదేంది?

ఇగ మన తప్పు కూడా చెప్పాలె. తీజ్ పండుగకు కిరాయి డ్రెస్సు వేసుకొని స్టేటస్ పెడతం, హాస్టల్‌కు అమ్మ బొంత పంపిస్తే మంచం కింద దాచిపెడతం. నేను కూడా దాచిన. మన పెండ్లిలల్ల మోదుగాకు విస్తర్లు పోయి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు వచ్చినయి. అవి 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. తెల్లారేసరికి తండా చుట్టూ అవే ఎగురుతుంటయి, బర్లు తింటయి. విస్తర్లు కుట్టే అవ్వ మాత్రం గిరాకీ లేక ఇంట్ల కూసుంటది. మనమే కొనకుంటే ఊరోడు కొంటడా?

అందుకే నేననేది నాలుగు ముక్కలు.

ఒకటి. ఇంట్ల ఉన్న పాత ఫేటియా, కాంచళి, టుక్రి, బొంత ఏదైనా స్టీలు సామాన్లకు ఇయ్యొద్దు. కుట్టినామె పేరు, తండా పేరు, ఏ కుట్టు ఏందో అడిగి రాసిపెట్టండ్రి. ఫొటో తియ్యండ్రి. అవ్వలు పోతే చెప్పేటోళ్లుండరు.

రెండు. అమ్మాలనుకుంటే కలిసి అమ్ముదాం. పది మంది ఆడోళ్లు సంఘంల ఉంటే ధర వాళ్లే చెప్పొచ్చు. గిరిజనుల వస్తువులు అమ్మడానికే ట్రైఫెడ్ ఉన్నది, మనకు గిరిజన సహకార సంస్థ ఉన్నది. మన జిల్లాల తండాల నుంచి ఎంత కొన్నరో, ఎవరికి ఎంత ఇచ్చిండ్రో అడుగుదాం. చదువుకున్నోళ్లం దరఖాస్తు రాసుడన్నా చెయ్యాలె కదా.

మూడు. గ్రామ సభల చెత్త సంగతి ఎత్తుదాం. కాలవెట్టుడు ఆపాలె. షెడ్డుల పొడి చెత్త వేరుచేసి అమ్మితే వచ్చే పైసలు ఆ పని చేసే సఫాయి అన్నలకు, అక్కలకు ఇయ్యాలె.

నాలుగు. ఈ ఏడు మన ఇండ్లల్ల జరిగే పెండ్లిళ్లకు మోదుగాకు విస్తర్లే. మన అవ్వల కాడనే కొందాం, బేరం ఆడకుండ.

రీసైక్లింగ్ మీద మాకు పాఠం చెప్తమని ఎవరైనా వస్తే కూసోబెట్టి నీళ్లిద్దాం, మర్యాద తప్పొద్దు. కానీ పాఠం మాత్రం మా దాది చెప్తది, వాళ్లు వినాలె. విన్నదానికి ఫీజు కూడా కట్టాలె.

ఆఖరుకు నా క్లాస్‌మేట్‌కు ఒక మాట. నువ్వు ఈ పోస్టు చదువుతవని తెలుసు చెల్లె. ఆ రోజు నవ్వినోళ్లల్ల నేను లేను, కానీ లేచి మాట్లాడలేదు కూడా. అది నా తప్పు. ఆ కోత్ళిని బయటికి తియ్యి. దాది పేరు దాని మీద కుట్టు.