అమెరికా టీవీలో ఆడని మన ఊరి పెళ్ళి డిస్కు

భద్రాచలం: కూతురు పెళ్ళి వీడియోను డిస్కులో వేయించి, పసుపు కుంకుమల పొట్లంతోపాటు అమెరికాకు పంపిస్తారు తల్లిదండ్రులు. పది రోజులకు ఫోను వస్తుంది. బొమ్మ రావడం లేదని, వచ్చినా నలుపు తెలుపుగా పైకి కిందకి పరుగెడుతోందని. స్టూడియోవాడు మోసం చేశాడని ఇక్కడివారు, డిస్కు దారిలో పాడైందని అక్కడివారు అనుకుంటారు. నిజానికి డిస్కూ బాగానే ఉంటుంది, టీవీ కూడా బాగానే ఉంటుంది. ఆ రెండూ వేర్వేరు పద్ధతుల్లో తయారైనవి, అంతే.

మన దేశంలో టీవీ పద్ధతి పేరు పాల్. జర్మనీలో పుట్టింది, అక్కడ 1967లో ప్రసారాలు మొదలయ్యాయి. మనకు 1982లో ఏషియన్ గేమ్స్ ఏడాది రంగుల టీవీ వచ్చినప్పుడు దీన్నే తీసుకున్నారు. అమెరికా, జపాన్‌లది ఎన్.టి.ఎస్.సి. ఈ తేడాకు మూలం కరెంటులో ఉంది. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు, అమెరికాది 60. టీవీలు పుట్టిన రోజుల్లో బొమ్మ అదరకుండా ఉండాలని కరెంటు వేగానికి తగ్గట్టే బొమ్మల లెక్క కట్టారు. అందుకే మన పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, వాళ్ళకు సుమారు 30. గీతలు మనకు 625, వాళ్ళకు 525. అమెరికా పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్‌లో పాత పద్ధతి ప్రసారాలు మానేశాయి. అయినా డిస్కుల్లో, ప్లేయర్లలో ఆ లెక్క పోలేదు.

బ్రిటన్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న బంధువులకు ఈ బాధ లేదు. అక్కడా పాలే. అమెరికా, కెనడాలలో ఉన్నవాళ్ళకే ఈ తంటా. ఇంకో తమాషా ఏమిటంటే, అమెరికా నుంచి మనవడి పుట్టినరోజు డిస్కు ఇక్కడికి వస్తే మన ప్లేయర్లు చాలావరకు కిక్కురుమనకుండా ఆడించేస్తాయి. ఇక్కడ అమ్మే సెట్లు ఎక్కువగా రెండు పద్ధతులూ తెలిసినవి. అక్కడివి చాలావాటికి తమదొక్కటే తెలుసు.

ఇక మార్చడం సంగతి. 25 బొమ్మలను 30 చేయాలంటే ప్రతి సెకనుకు లేని అయిదు బొమ్మలను పుట్టించాలి. మంచి సాఫ్ట్‌వేరు పక్క బొమ్మలను చూసి మధ్యవి తయారు చేస్తుంది. నాసిరకంది ఉన్న బొమ్మనే రెండోసారి వేస్తుంది. అప్పుడు తలంబ్రాలు పోస్తున్న చేయి ఆగి ఆగి కదులుతుంది, కొమ్ము నృత్యం చేసే కోయ కుర్రవాళ్ళు కుంటుతున్నట్టు కనిపిస్తారు. గీతల నష్టం వేరే ఉంది. మన డి.వి.డి.లో బొమ్మకు 576 గీతలు, వాళ్ళ దాంట్లో 480. అంటే ఆరో వంతు వివరం పోతుంది. అది మళ్ళీ రాదు. కాబట్టి మార్చిన కాపీని పంపాలి గాని, అసలు డిస్కును పారేయకూడదు. ఈ ఒక్క మాట చెప్పే స్టూడియోలు తక్కువ.

చెప్పని మాట ఇంకొకటుంది. "రీజియన్ తాళం తీయాలి, అదనంగా ఇవ్వండి" అని కొందరు అడుగుతారు. ఆ తాళం సినిమా కంపెనీలు తమ డిస్కులకు వేసుకునేది. అమెరికాకు ఒకటో నంబరు, మనకు అయిదో నంబరు. ఇంట్లో పెళ్ళికి తీసి వేసిన డిస్కుకు మామూలుగా ఆ తాళం ఉండదు. లేని తాళం తీయడానికి డబ్బు ఎందుకు? సినిమా డిస్కులను మార్చి అమ్మిపెట్టమని అడిగేవారూ ఉన్నారు. అది 1957 నాటి కాపీరైటు చట్టం కింద నేరం. స్టూడియోలు దాని జోలికి పోకపోవడమే మేలు.

అసలు ఈ రోజుల్లో పంపవలసింది డిస్కు కాదు, ఫైలు. కంప్యూటరుకు 25 బొమ్మలైనా ఒకటే, 30 అయినా ఒకటే. పెన్ డ్రైవ్‌లో వేసి ఇస్తే అమెరికాలో కంప్యూటరు మీద మార్పిడి లేకుండానే ఆడుతుంది. ఈ సంగతి తెలిసీ మార్పిడి చార్జీ గుంజే దుకాణాన్ని ఏమనాలి?

డిస్కుల సంగతి ఇలా ఉంటే, క్యాసెట్ల గతి మరీ అన్యాయం. ఏజెన్సీ ఊళ్ళలో 1980, 90లలో జరిగిన పెళ్ళిళ్ళు బీరువాల అడుగున వి.హెచ్.ఎస్. క్యాసెట్లలోనే ఉన్నాయి. అడవి తేమకు టేపు బూజు పడుతుంది. గోదావరి చూస్తే ఊరుకోదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 అడుగులు దాటింది. నీటిలో నానిన క్యాసెట్టును తెలియక వి.సి.ఆర్.లో పెడితే టేపూ, మిషనూ రెండూ పోతాయి. పోతే కొనడానికి కొత్త వి.సి.ఆర్. లేదు. చిట్టచివరి జపాన్ కంపెనీ 2016లో తయారీ ఆపేసింది.

కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడ పోలవరం ముంపు ఊళ్ళలో కొన్నింటి జనం ఇప్పటికే కాలనీలకు తరలిపోయారు. పెళ్ళి పందిరి వెనక కనిపించే వేపచెట్టు, రేవు, గుడి, మట్టిగోడ మీద ముగ్గు ఇంకెక్కడా లేవు. ఎవరో తీయించిన పెళ్ళి క్యాసెట్లో మాత్రం ఉన్నాయి. అమెరికాలో పుట్టిన పిల్లవాడు మా తాత ఊరు ఏదని అడిగితే చూపించడానికి అదొక్కటే దిక్కు. దాన్ని నాసిరకంగా మార్చి, అసలును చెత్తలో వేస్తే ఆ ఊరు రెండోసారి మునిగినట్టే.

ఇది దుకాణాలవారికి వదిలేసే పని కాదు. పనిచేసే వి.సి.ఆర్.లు రెండు, కంప్యూటరు ఒకటి, తెలిసిన మనిషి ఒకడు ఉంటే చాలు. భద్రాచలంలో ఐ.టి.డి.ఏ. గాని, జిల్లా గ్రంథాలయ సంస్థ గాని పూనుకుని, నామమాత్రపు రుసుముతో క్యాసెట్లను ఫైళ్ళుగా చేసి ఇవ్వాలి. ముంపు మండలాలు ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నాయన్న సాకు చెప్పరాదు. ఆ క్యాసెట్లు చాలావరకు ఖమ్మం జిల్లాగా ఉన్న రోజుల్లో తీసినవే. ఈలోగా ఇంట్లో క్యాసెట్ ఉన్నవారు దాన్ని వంటింటి అటక మీది నుంచి దించి, పొడి గుడ్డలో చుట్టి, నిలువుగా నిలబెట్టి ఉంచాలి. వానలు ముదిరేలోగా ఆ పని చేసుకోవాలి.