టిప్ నంబరు అడగండి

ఇంటికి రంగులు వేయించేవాళ్లు ఏ కంపెనీ ఎమల్షన్, లీటరు ఎంత, ఎన్ని కోట్లు అని గుచ్చి గుచ్చి అడుగుతారు. రంగు కొట్టే ఎయిర్‌లెస్ స్ప్రే మెషీన్‌కి ఏ టిప్ (రంగు చిమ్మే మొన) పెట్టావని పెయింటర్నైన నన్నెవరూ అడగరు. బిల్లు పెంచేది మాత్రం అదే.

ఎయిర్‌లెస్ టిప్ మీద 517 అని ఉంటే మొదటి అంకెను రెట్టింపు చేయాలి: గోడకు 12 అంగుళాల దూరం నుంచి కొడితే 10 అంగుళాల వెడల్పు పట్టీ పడుతుంది. మిగిలిన 17, అంగుళంలో వెయ్యోవంతుల్లో రంధ్రం సైజు. గోడల ఎమల్షన్‌కి ఇది బాగుంటుంది. తలుపుల ఎనామిల్‌కి 311 లాంటి సన్నటిది కావాలి. ఒకే టిప్‌తో గోడా, తలుపూ, గేటూ కొట్టేసేవాణ్ని పనిమంతుడంటే నేనొప్పుకోను.

వాడేకొద్దీ రంగులోని పొడి రాపిడికి రంధ్రం అరిగి పెద్దదవుతుంది. పట్టీ 10 నుంచి ఏడున్నరకు తగ్గిందంటే టిప్ పని అయిపోయినట్టే. తక్కువ చోట ఎక్కువ రంగు పోస్తుంది, గోడ మీద ధారలు కడుతుంది. మనవాళ్లేమో ప్రెషర్ పెంచుతారు! కొత్త టిప్ ఖర్చు ఎస్టిమేట్‌లోనే విడిగా రాయాలంటాను.

మూసుకుపోతే సూది గుచ్చొద్దు. టిప్ వెనక్కి తిప్పి బకెట్‌లోకి ఒకసారి కొడితే చాలు. రంగు ముందే వడకడితే సగం తిప్పలుండవు. సాయంత్రం ఎమల్షన్‌ని నీళ్లతో, ఎనామిల్‌ని టర్పెంటైన్‌తో కడగాలి. విప్పేముందు ప్రెషర్ వదిలి, ట్రిగ్గర్ లాక్ వేయాలి. ఆ ప్రెషర్‌తో వచ్చే రంగు ధార చర్మంలోకి దూసుకెళ్తుంది. పైకి చిన్న చుక్కే కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, లోపలికి రంగు పోయిందని డాక్టరుకి చెప్పాలి.