లిఫ్టు ఎక్కిస్తే గానీ తెలియదు!

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం. ఆ అపార్ట్‌మెంట్‌లో ఇంటికి ఒకటే పార్కింగు. కాబట్టి ఇంటికి ఒకటే కారు. వాడుతున్న చిన్నకారు పదిహేనేళ్లు సేవ చేసి చేతులెత్తేసింది. కొత్తగా వచ్చే ఆ ఒక్క కారూ ఏదై ఉండాలన్నది ఆ తెలుగింట్లో మూడు నెలలు తెగని పంచాయితీ అయింది.

ఆయనది తెనాలి. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గది గోడకి రెండు పోస్టర్లు అంటించుకున్నాడు. ఒకటి పోర్షా 911, రెండోది బీఎండబ్ల్యూ ఎం3. అప్పట్లో వాటిని రోడ్డు మీద చూసే యోగం కూడా లేదు. ఇప్పుడు ఆ మోడళ్లకు పాతికేళ్లు దగ్గర పడ్డాయి. కొత్తలో ఇల్లు అమ్ముకున్నా కొనలేని బండ్లు ఓ మోస్తరు కొత్త కారు ధరకు దిగొచ్చాయి. నలభై దాటాక ఆ పోస్టర్లు మళ్లీ గుర్తొచ్చాయాయనకి.

‘కొనండి, వద్దనను. కానీ చిన్నదాన్ని స్కూల్లో దింపాలి. ఇండియన్ షాపు నుంచి బియ్యం బస్తా తేవాలి. జనవరిలో మంచు పడుతుంటే మీరు ఆఫీసుకెళ్లాలి. ఆ రోజు మీ పోస్టరు స్టార్టవుతుందా?’ అందావిడ.

అసలు ప్రశ్న అదే. సరదాకి రెండో కారు కొనుక్కునేవాళ్లు వేగం చూస్తారు, శబ్దం చూస్తారు. రిపేరుకొస్తే షెడ్డులో పడేసి మామూలు కారేసుకుని వెళ్లిపోతారు. ఉన్నదొక్కటే అయితే లెక్క మారిపోతుంది. అది ఎంత బాగా పరుగెత్తుతుందన్నది రెండో మాట. ఎలా ఆగిపోతుంది, ఆగే ముందు చెబుతుందా చెప్పదా అన్నది మొదటి మాట.

ఇద్దరూ ఇద్దరే!

రెండూ కూపేలే. రెండు తలుపులు, కిందికి ఉండే కప్పు, వెనక సీటు ఉందంటే ఉంది.

పోర్షా 911 పుట్టింది 1963లో. ముప్పై నాలుగేళ్లపాటు దాని ఇంజిన్‌ని గాలే చల్లబరిచింది. పొగ మీదా చప్పుడు మీదా నిబంధనలు బిగుసుకునేసరికి ఇక గాలితో పని జరగదని అర్థమైంది. పైగా తొంభైల మొదట్లో కంపెనీ దివాలా అంచుకు వెళ్లొచ్చింది. అందుకే 1997లో కొత్త 911 తెచ్చారు. కంపెనీ లెక్కల్లో దాని పేరు 996. నీళ్లతో చల్లబడే ఇంజిన్‌తో వచ్చిన మొదటి 911 ఇదే. ఖర్చు తగ్గించుకోడానికి దీని ముందు భాగాన్నీ హెడ్‌లైట్లనీ చౌకరకం తమ్ముడు బాక్‌స్టర్‌తో పంచారు. వేయించిన కోడిగుడ్డులా ఉన్నాయంటూ అభిమానులు ఆ లైట్లను చూసి ముఖం చిట్లించారు. ఆ చిన్నచూపు వల్లే చాలా ఏళ్లపాటు 911లన్నిట్లోకీ ఇదే చవగ్గా దొరికింది. సుమారు లక్షా 75 వేల బండ్లు తయారయ్యాయి.

ఎం3ది ఇంకో కథ. మామూలు ఇంటి కారుకి పహిల్వాన్ గుండె అమర్చితే ఎలా ఉంటుందో అదీ ఇది. 2000 నుంచి 2006 దాకా రేగెన్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో తయారైంది. ఒకే వరసలో నిలబడ్డ ఆరు సిలిండర్లు, 3.2 లీటర్లు, 343 హార్స్‌పవర్. నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరుగుతుంది. దీని మీటరులో ఓ చక్కని ఏర్పాటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే చుట్ల మీటరు అంచున నారింజ రంగు లైట్లు వెలుగుతాయి. ఇంజిన్ ఆయిలు వేడెక్కేకొద్దీ ఒక్కోటే ఆరిపోతాయి. అవి ఆరేదాకా గట్టిగా తొక్కొద్దని అర్థం. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న స్కూలుకి వెళ్లొచ్చేలోగా ఆ లైట్లన్నీ ఆరవు. ఇంజిన్‌కి మంచిది కాని వాడకమంటే అదే.

కాగితం మీద చూస్తే పంచాయితీ అయిదు నిమిషాల్లో తేలిపోవాలి. ఎం3లో నలుగురు కూర్చోవచ్చు. డిక్కీ 410 లీటర్లు. పోర్షాలో ఇంజిన్ వెనకుంటుంది కాబట్టి డిక్కీ ముందుంటుంది, అదీ 130 లీటర్లే. వెనకసీట్లలో పెద్దవాళ్ల కాళ్లు పట్టవు. పన్ను దగ్గర పెద్ద తేడా లేదు. ఈ వయసు పెట్రోలు కార్లలో యూరో 3 ప్రమాణాలకు లోబడిన వాటికి జర్మనీలో ప్రతి వంద సీసీకి 6.75 యూరోలు కట్టాలి. రెండింటికీ ఏడాదికి 220, 245 యూరోల మధ్యే తేలుతుంది. పెట్రోలు కూడా రెండూ ఖరీదైన 98 ఆక్టేన్‌దే అడుగుతాయి.

‘ఇంకేం, ఎం3 తీసుకోండి’ అందావిడ. ఆయన అప్పటికే ఎం3 వైపు మొగ్గి ఉన్నాడు. కానీ కాగితం మీద ఉండని సంగతులు కొన్నుంటాయి కదా.

లోపలి జబ్బులు

పోర్షా 996కి ఒక పేరుమోసిన జబ్బుంది. ఇంజిన్ లోపల ఓ పొడుగాటి షాఫ్టు ఉంటుంది. కింది క్రాంకు తిరుగుడుని గొలుసుల ద్వారా పైన వాల్వుల దాకా చేరవేయడం దాని పని. ఆ షాఫ్టు చివర చిన్న బేరింగు. లోపల కందెన పెట్టి మూసేసిన రకం. ఏళ్లు గడిచేకొద్దీ ఇంజిన్ ఆయిలు అందులోకి చొరబడి ఆ కందెనని కడిగేస్తుంది. కందెన లేని బండి ఇరుసు ఏమవుతుందో పల్లెటూళ్లో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఎడ్లబండి ఇరుసు కిర్రుమని నాలుగూళ్లకి వినిపిస్తుంది. ఇది చాలాసార్లు చప్పుడు చేయకుండానే విరిగిపోతుంది. వెంటనే వాల్వులు లెక్క తప్పుతాయి, పిస్టన్లు వచ్చి వాటిని గుద్దుతాయి. ఇంజిన్ మొత్తం పోతుంది. అదీ చెప్పాపెట్టకుండా, ఒక్క క్షణంలో!

దీనిమీద అమెరికాలో యజమానులు కోర్టుకెక్కితే 2013లో రాజీ కుదిరింది. అన్ని 996లకూ ఈ భయం ఒకే స్థాయిలో లేదు. మొదట్లో వచ్చిన వాటిలో రెండు వరసల గుండ్లున్న గట్టి బేరింగు ఉండేది. తర్వాత ఒకే వరసది పెట్టారు, గొడవంతా ఎక్కువగా దానితోనే. టర్బో, జీటీ3 రకాలది అసలు వేరే ఇంజిన్, వాటికీ బెడదే లేదు. మందు కూడా ఉంది. క్లచ్ మార్చడానికి ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు. ఆ బేరింగుని చేరే దారి అక్కడే. అప్పుడే మేలు రకం బేరింగు వేయించేస్తే ఆ భయం చాలావరకు తీరిపోతుంది. ఇంకో విచిత్రం... గ్యారేజీలో దుప్పటి కప్పి దాచుకున్న కార్ల కంటే రోజూ తిరిగే కార్లే ఈ విషయంలో నయమని మెకానిక్‌లు చెబుతారు. తక్కువ తిరిగిందని మురిసిపోయి ఎక్కువ డబ్బిచ్చి కొనేవాళ్లు కాస్త ఆలోచించాల్సిన మాటే.

ఎం3 ఆరోగ్యం మాత్రం గుండ్రాయా అంటే అదీ కాదు. తొలి రెండు మూడేళ్ల కార్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగిపోతుంటే కంపెనీయే పిలిచి మార్చింది. ఇప్పటికీ తెలిసినవాళ్లు వాటిని అరిగే టైర్ల లెక్కలోనే జమకడతారు. ఇన్ని వేల కిలోమీటర్లకోసారని అనుకుని మార్పించేస్తారు. అసలు బెంగ వెనక ఉంది. వెనక చక్రాల భారం మోసే చట్రాన్ని బోల్టులతో కారు నేలరేకుకి బిగిస్తారు. 343 హార్స్‌పవర్లు లాగుతూ ఉంటే ఏళ్లు గడిచేసరికి ఆ రేకు చీలుతుంది. విరిగిన భాగాన్ని మార్చినట్టు దీన్ని మార్చలేం. చట్రం దించి, చీలికని వెల్డింగు చేసి, పైన ఇనప పలకలు అతికించాలి. కారు కొన్ని వారాలు షెడ్డులోనే.

అయితే ఒక తేడా ఉంది. ఎం3 చీలిక కంటికి కనపడుతుంది. కారుని లిఫ్టు మీదకి ఎక్కించి, టార్చిలైటు వేసి చూస్తే దొరికిపోతుంది. పోర్షా బేరింగు కనపడదు. దానికి బిల్లు ఒక్కటే సాక్ష్యం.

శనివారం ప్రయాణాలు

ఇంట్లో పక్కనపెట్టుకున్నది 35 వేల యూరోలు. అందులో అయిదు వేలు ముట్టుకోకూడదన్నది ఆవిడ షరతు. ఆ అయిదు వేలూ రాబోయే రిపేర్లకి. ఆవిడ ఓ కంపెనీలో అకౌంట్లు చూస్తారు. పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లెవరికైనా ఈ ఒక్క షరతు చెబితే చాలు, సగంమంది ఆగిపోతారు.

మొదటి శనివారం ఎం3 కోసం మ్యూనిక్ దాకా వెళ్లారు. హైవే మీద 230 కిలోమీటర్లు. నీలం రంగు కారు, లోపల తోలు సీట్లు మెరుస్తున్నాయి. పాప వెనకసీటులో హాయిగా కాళ్లు జాపుకుంది. ఆయన నడిపి చూసి వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. బేరం కూడా దాదాపు కుదిరింది.

‘ఒకసారి కింద చూపించండి’ అందావిడ.

దగ్గర్లోని షెడ్డులో లిఫ్టెక్కించారు. వెనక చక్రాల పైనుండే రేకు అంచుల్లో తుప్పు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు పని అది. అదైతే ఈ వయసు ఎం3లలో మామూలే. మెకానిక్ టార్చిలైటు ఎడమవైపు బోల్టు దగ్గర ఆగింది. రంగు కింద వెంట్రుకంత గీత. గోటితో రాస్తే రంగు పెళ్లగా ఊడింది. గీత బెత్తెడు పొడుగుంది. పైన పూసిన రంగు కొత్తది. అమ్మే ఆయన ఫోను వచ్చినట్టు పక్కకెళ్లాడు.

తిరుగు ప్రయాణంలో కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత మరో రెండు ఎం3లు చూశారు. ఒకటి బాగుంది, ధర దాటిపోయింది. ఇంకొకదానికి బిల్లులే లేవు. ‘నమ్మండి, బాగా చూసుకున్నా’ అన్నాడు యజమాని. ఆవిడ ఆ మాటని ఏ పద్దులో రాయాలో తెలియదన్నారు.

నాలుగో శనివారం పోర్షా. అది స్టుట్‌గార్ట్‌లోనే, పోర్షాలు తయారయ్యే జుఫెన్‌హౌజెన్ పేటకి అరగంట దూరంలో. 2002 మోడల్, 3.6 లీటర్ల ఇంజిన్, 320 హార్స్‌పవర్. యజమాని రిటైరైన పెద్దాయన. కారు చూపించకముందే బల్ల మీద లావాటి ఫైలు పెట్టాడు. ఆయన కారు చుట్టూ తిరుగుతుంటే ఆవిడ ఫైలు ముందు కూర్చుంది. ఆయిలు మార్చిన ప్రతిసారీ బిల్లు. రెండేళ్లకోసారి తప్పనిసరిగా చేయించాల్సిన ప్రభుత్వ తనిఖీ కాగితాలు. 2017లో క్లచ్ మార్చినప్పుడే ఆ బేరింగు కూడా మార్చినట్టు బిల్లు, పాత బేరింగు ఫొటోతో సహా. ఏటా శీతాకాలం ముందు బంపరు ఊడదీసి, ముందున్న రేడియేటర్ల మధ్య చిక్కుకున్న ఎండుటాకులు తీయించిన బిల్లులు! ఆ ఆకులు తడిసి కుళ్లితే ఏసీ కండెన్సర్లు తుప్పుపట్టి పోతాయి. అది కూడా కనిపెట్టి చూసిన మనిషంటే...

సిలిండర్ల గోడలు గీతలు పడటం 3.6 లీటర్ల ఇంజిన్‌కున్న ఇంకో బలహీనత. గొట్టంలాంటి కెమెరా లోపలికి పంపి చూడొచ్చు. ఆ ఖర్చు మేం పెట్టుకుంటాం, చూడనిస్తారా అని అడిగారు. పెద్దాయన కాదనలేదు. నిజానికి ఆ ప్రశ్నకి వచ్చే జవాబే సగం పరీక్ష. ఆరు సిలిండర్లూ శుభ్రంగా ఉన్నాయి. ఒళ్లంతా జింకు పూత ఉన్న రేకు కాబట్టి తుప్పు లేదు. తడి రోడ్డు మీద వెనక బరువున్న కారు జారకుండా పట్టుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాటు వెనకచక్రాలతో నడిచే తొలి 996లలో ఉండేది కాదు. ఈ కారులో ఉంది. అది లేకపోతే ఆవిడ ఫైలు మూసేసేవారే.

ఇక మిగిలింది పాప. ఆరేళ్లు. జర్మనీలో పన్నెండేళ్లొచ్చేదాకా, లేదా ఎత్తు 150 సెంటీమీటర్లు దాటేదాకా పిల్లలకి ప్రత్యేకమైన సీటు ఉండాల్సిందే. ఆ సీటు ఇంటి నుంచి తెచ్చి వెనక బిగించి చూశారు. పట్టింది. కాకపోతే ముందుసీటు జరిపితే ఆవిడ మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి జానెడు దూరంలోకొచ్చాయి. సీట్లు మార్చి పాపని డ్రైవరు వెనక పెడితే ఆయన కాళ్లు పట్టలేదు.

‘అమ్మావాళ్లొస్తే?’ ఈసారి అడిగింది ఆయనే.

‘అత్తయ్య చీర కట్టుకుని ముందు సీటు మడిచి ఎం3 వెనక్కి మాత్రం ఎలా ఎక్కుతారు? రెండిట్లోనూ కుదరదు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టు నుంచి రైలుంది, గంటంబావులో ఇక్కడుంటారు. వాళ్లున్న నెలన్నర పెద్దకారు అద్దెకి తీసుకుందాం’ అందావిడ. అప్పటికే లెక్క వేసి పెట్టుకున్నారన్నమాట.

ఇలాంటి బేరం హైదరాబాద్‌లో కూర్చుని చేయడం కుదరదు. విదేశాల్లో వాడిన కారుని మూడేళ్లు దాటితే దిగుమతి చేసుకోనివ్వవు మన నిబంధనలు. స్టీరింగు ఎడమవైపున్నా ఒప్పుకోవు. అందుకే తెనాలిలో ఉన్న నాన్నగారు వీడియో కాల్‌లోనే చూశారు. ‘ఇంజిన్ వెనకెందుకు పెట్టార్రా, మతి లేకపోతే సరి’ అన్నారు. డిక్కీలో బియ్యం బస్తా పడుతుందా లేదా అన్నది ఆయన రెండో ప్రశ్న. పది కిలోలవి రెండు పట్టాయి, మధ్యలో కందిపప్పు ప్యాకెట్లతో సహా.

చివరికి 29 వేల యూరోలకి బేరం తెగింది. అయిదు వేలూ విడిగానే ఉన్నాయి. మిగిలిన వెయ్యితో మంచు టైర్లు కొనడానికి బయల్దేరాడాయన. రోజూ ఆఫీసుకి వెళ్లిరావడం పాతిక కిలోమీటర్ల లెక్కన యాభై. ఇంజిన్ బాగానే వేడెక్కుతుంది. పాపని స్కూలుకి మాత్రం నడిపించే తీసుకెళ్లాలని ఆవిడ తీర్మానించారు.

ఇంకొక ఒప్పందం కూడా జరిగింది. పాప మోకాళ్లు ముందుసీటుకి తగిలిన రోజున కారు అమ్మేయాలి. ఆయన సరేనన్నాడు. సీటుకి ఆవిడ మోకాలికి ఎంత దూరం ఉందో, పాప మోకాలికి ఎంత ఉందో ఆ సాయంత్రమే టేపు పెట్టి కొలిచి, తారీఖు వేసి, పెద్దాయన ఇచ్చిన ఫైలులో ఆఖరి కాగితంగా పెట్టారు.