పేలాకే గుర్తొచ్చే ప్రాణాలు

2014 అక్టోబరు 20న కాకినాడ దగ్గర వాకతిప్ప. 2025 అక్టోబరు 8న మండపేట దగ్గర రాయవరం. రెండూ దీపావళికి కొద్దిరోజుల ముందే, రెండుచోట్లా పేలినవి బాణసంచా షెడ్లే, పోయింది రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్లే. వాకతిప్పలో పన్నెండుమందికి పైగా, రాయవరంలో ఆ ఒక్కరోజే ఆరుగురు. ఈ పదకొండేళ్లలో మనకు బాగా అలవాటైంది ఒక్కటే: పరిహారం ప్రకటించడం, విచారణకు ఆదేశించడం, పండగ దాటగానే మరిచిపోవడం.

చిచ్చుబుడ్డికి వెలుగునిచ్చే అల్యూమినియం పొడి గాలిలోకి లేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. మొదటి పేలుడు నేలమీదా దూలాలమీదా పేరుకున్న పొడిని రేపుతుంది, రెండోది దానికంటే ఘోరం. 2014 ఆగస్టు 2న చైనాలోని కున్‌షాన్‌లో, కారు చక్రాలకు మెరుగుపెట్టే ఫ్యాక్టరీలో ఈ ధూళే 146 మందిని బలిగొంది.

ఇలాంటి ధూళి పేలుడు ముదిరి విస్ఫోటంగా మారితే ఎలా పరుగెడుతుందో శాస్త్రవేత్తలు కంప్యూటర్లలో లెక్కగడుతున్నారు. ముందు ఆఘాత తరంగం, దాన్ని అంటిపెట్టుకుని మంట. ఒకదానికొకటి ఊతం. గట్టి గోడకు తగిలి తిరిగొచ్చే అడ్డ తరంగాలు ఆ జంటకు బలమిస్తాయి. గోడకు సన్నని రంధ్రాలున్న పొర ఉంటే ఆ తరంగాలను మింగేస్తుంది. మంట వెనకబడుతుంది, జంట విడిపోతుంది. పొర ఎంత మందం, ఎంత పొడవు ఉండాలన్నదే ఆ లెక్క. చాలకపోతే విస్ఫోటం మళ్లీ పుంజుకుంటుంది.

కానీ ఈ పొర గాలిలో లేచిన ధూళికే. సూరేకారం కలిపి కుప్పపోసిన మందుకు బయటి గాలితో పనిలేదు, అది అంటుకుంటే ఏ పొరా ఆపలేదు. అక్కడ ప్రాణం నిలిపేవి పాత జాగ్రత్తలే: షెడ్డుకూ షెడ్డుకూ ఎడం, ఒక్కో షెడ్డులో కొద్దిమందే మనుషులు, కొద్దిగానే మందు, పేరుకున్న పొడిని నిప్పురవ్వ పుట్టకుండా ఏ పూటకాపూట ఎత్తేయడం. ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఏముంది? కూలీ ప్రాణానికి ఆ మాత్రం విలువైనా కట్టరా?

కలెక్టర్లూ, ఫైర్ అధికారులూ, మందుగుండు లైసెన్సులిచ్చే వాళ్లూ! దీపావళికి రెండు నెలల ముందే ప్రతి షెడ్డు గడపా తొక్కండి. లోపల ఎంతమంది ఉన్నారో, ఎంత మందు ఉందో కళ్లతో చూడండి. నిబంధన తప్పిన షెడ్డుకు అక్కడికక్కడే తాళం వేయండి. పేలాక పూలదండలతో మాత్రం రాకండి.