ఈ ఒళ్ళు మనదే

మన పల్లెల్లో కూలికి పోయే ఆడవాళ్ళు చేలో నీళ్ళు తాగరు. దప్పిక లేక కాదు. తాగితే పక్కకి పోవాలి. పోదామంటే చాటుండదు, గట్టు మీద ఆసామి నిలబడి ఉంటాడు. పొద్దున తాగిన చెంబుడు నీళ్ళతోనే సాయంత్రం దాకా నడుం వంచుతారు. తర్వాత ఒంటేలుకి పోతే మంట, చలిజొరం. ఆ సంగతి ఇంట్లో చెప్పరు, సంఘానికి అసలే చెప్పరు.

భూమి, కూలి రేట్లు, అట్రాసిటీ కేసులుండగా నీళ్ళు తాగడం మీద సంపాదకీయమా అని కొందరు నవ్వొచ్చు. కారంచేడు గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె తాగే చెరువు దగ్గర. నీళ్ళు పాడుచెయ్యొద్దన్న కుర్రాడిని కొడుతుంటే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, 1985 జులై 17న, ఆరుగురిని చంపారు. మంచినీళ్ళు తాగాలనుకోవడం మన విషయంలో ఎప్పుడూ చిన్న సంగతి కాలేదు.

1927 మార్చిలో మహద్ చెరువు నీళ్ళు తాగించిన అంబేద్కర్, అదే ఏడాది డిసెంబరులో అక్కడికొచ్చిన ఆడవాళ్ళతో చీరకట్టు గురించీ శుభ్రత గురించీ మాట్లాడారు. పోరాటం మధ్యలో ఈ కబుర్లేంటని ఆయన అనుకోలేదు. అట్లాగని, శుభ్రంగా ఉంటే ఊరోళ్ళు దగ్గరికి రానిస్తారని మేం చెప్పబోవడం లేదు. ఇస్త్రీ చొక్కా, కాలికి చెప్పులు చూసి కళ్ళు కుట్టినవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఎద్దుకి జబ్బు చేస్తే డాక్టర్ని పిలిపించిన ఆసామి, పాలేరుకి జబ్బు చేస్తే జీతం కోశాడు. ఆ లెక్కనే మనమూ నేర్చుకుని, మన ఒంటిని మనమే ఎద్దుకన్నా హీనంగా చూసుకుంటున్నాం.

కార్యకర్తల సంగతి చెప్పనక్కర్లేదు. టీ, బీడీల మీద రెండు రోజులు తిరిగామని గొప్ప! బాబాసాహెబ్ షుగరు జబ్బుతో బాధపడుతూనే రాశారు, 1956 డిసెంబరు 6న 65 ఏళ్ళకే పోయారు. మనవాళ్ళు ఆయన చదువు వదిలేసి నిద్ర మానుకోవడం ఒక్కటే పట్టుకున్నారు. బీపీ బిళ్ళలు ప్రభుత్వ ఆస్పత్రిలో ఊరికే ఇస్తారు. తెచ్చుకోండి, తెచ్చుకుని మింగండి. పక్షవాతంతో మంచాన పడిన నాయకుడి వెనక ఎవరు నడుస్తారు?

మిరపకోతకి పోయే అక్కలు చేతులకి ముందే నూనె రాసుకోండి. మందు కొట్టి వచ్చిన తమ్ముళ్ళు సబ్బుతో స్నానం చేసి, బట్టలు మార్చాకే కంచం ముందు కూర్చోండి, బిడ్డనెత్తుకోండి. ఎండకి సొమ్మసిల్లితే లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మగవాళ్ళు తిన్నాక అడుగంటిన కూర తినే పద్ధతి మన ఇళ్ళలోనూ ఉంది. అది ఏ భూస్వామీ పెట్టింది కాదు, మానడానికి ధర్నా అక్కర్లేదు.

పని చోట తాగునీళ్ళు, నీడ ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టంలో రాశారు. ఆసామి చేలో మాత్రం ఎందుకుండకూడదు? ఈసారి కూలి మాట్లాడేటప్పుడే బిందెడు మంచినీళ్ళు, చాటుకి నాలుగు గోనెపట్టాలు కూడా మాట్లాడండి. ముఠామేస్త్రి సిగ్గుపడితే సంఘం వాళ్ళు అడగాలి. సంఘం మీటింగులు కూడా ఆడవాళ్ళకి దొడ్డి సౌకర్యం ఉన్న చోటే పెట్టాలి.