కూలి దొరికే వంటిల్లు ఎవరిది?

స్త్రీ వంటింటికే పరిమితం కాకూడదని మనం ఏళ్ల తరబడి అంటున్నాం. కానీ కూలి దొరికే వంటిల్లయితే, అందులోకి రానివ్వని స్త్రీలూ ఉన్నారు. పోలియోతో కాలు చచ్చుబడిన స్త్రీ ఇంట్లో పీటమీద కూర్చుని పదిమందికి వండిపెడుతుంది. దాన్నెవరూ పని అనరు. ఆమే హోటలుకెళ్లి పని అడిగితే "నువ్వేం చేయగలవమ్మా?" అంటారు.

శివరాత్రికీ శ్రీరామనవమికీ రామతీర్థం జనంతో నిండిపోతుంది. అలాంటి చోట్ల టిఫిన్లు, భోజనాలు అమ్మే హోటళ్ల వెనక వంటగదులు చూశాను. గుమ్మానికి ఎత్తయిన మెట్టు, ఇరుకు దారి, ఎప్పుడూ తడిగా ఉండే నేల, నిలబడితేనే అందే పొయ్యి. లోపం ఆ స్త్రీ ఒంట్లో లేదు, ఈ అమరికలో ఉంది.

దీన్ని మార్చలేమా? అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు, కూర్చుని కూరలు తరిగే బల్ల, జారని నేల, బరువు గుండిగలకి చక్రాల బండి. వినపడనివారికి ఆర్డర్లు రాసే పలక. చూపులేనివారికి డబ్బాల చోటు మారకుండా ఉంటే చాలు. నడుంనొప్పితో పనిచేసే మిగతా ఆడవాళ్లకీ ఇది మేలే. 2017లో హుబ్బళ్లిలో మొదలైన మిట్టి కెఫేలో వికలాంగులే పనిచేస్తారు. 2023లో అది సుప్రీంకోర్టు ఆవరణలోకీ వచ్చింది.

తగిన సర్దుబాటు నిరాకరించడం వివక్షేనని 2016 చట్టం చెప్పింది. ప్రైవేటు సిబ్బందిలో కనీసం 5 శాతం వికలాంగులుండేలా యజమానులకు ప్రోత్సాహకాలివ్వమంది. భవనాలు అందుబాటులో ఉండాలనే ప్రమాణాలు సలహాలుగా మిగిలితే చాలదనీ, తప్పనిసరి చేయాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. "దివ్యాంగులు" అని పేరు మార్చారు. గుమ్మం ముందు మెట్టు మాత్రం మారలేదు.

చిన్న హోటలువాడు ఖర్చెలా భరిస్తాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ప్రభుత్వ డబ్బుతో నడిచే వంటశాలలతో మొదలుపెట్టాలి: బడుల్లో మధ్యాహ్న భోజనం, హాస్టళ్లు, అన్న క్యాంటీన్లు. మధ్యాహ్న భోజనం వండేవారి నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యమివ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే వండేదెవరన్నది హక్కుల ప్రశ్నే. ఆ ప్రాధాన్యం వికలాంగ స్త్రీకీ ఎందుకు ఉండకూడదు?

చాలా బడుల్లో వండుతున్నది మన పొదుపు సంఘాల స్త్రీలే. కాబట్టి మొదటి ప్రశ్న అధికారులకు కాదు, మనకే. మన సంఘం వంటశాలలో జీతానికి పనిచేసే వికలాంగ స్త్రీ ఉందా? లేకపోతే ఆమెను ఆపింది మెట్టా, మన మనసా? వచ్చే సంఘ సమావేశంలో ఇది అడుగుదాం.