వాడ ముచ్చట్లు – 31: కుక్కకు 'మను' అని పేరు పెడదామా?



రాజగృహలో దిగిన ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటరు. 1934 ఫిబ్రవరి. కొడుకు యశ్వంత్, బాబాసాహెబ్, రమాబాయి తల్లి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్. ఫ్లెక్సీలకు మనం బాబాసాహెబ్‌నో, ఆయనతోటి రమాబాయినో మాత్రమే కత్తిరించి పెట్టుకుంటం కాబట్టి అందులో ఉన్న ఆరో ప్రాణి ఎవరికీ యాదికుండదు. అది ఒక కుక్క. పేరు టాబీ. బాబాసాహెబ్‌కు మస్తు ఇష్టమైన కుక్క. ఇంటోళ్లందరితో పాటు దాన్ని కూడా ఫొటోలకు పిలిచిండ్రు, చరిత్రలకు వచ్చింది.

ఈ ఫొటో ముచ్చట ఇప్పుడెందుకంటే, హన్మకొండల రూమ్ తీసుకొని చదువుకునే మన పిల్లలు కొందరు ఓ కుక్కపిల్లను తెచ్చి మెట్ల కింద పెట్టుకున్నరు. పేరు కోసం వాట్సాప్ గ్రూపుల ఓటింగ్ పెట్టిండ్రు. టామీ, జిమ్మీ, స్నూపీ వద్దంట. పాతకాలంది, చరిత్ర ఉన్న పేరు కావాలంట. సీజర్‌కు కొన్ని ఓట్లు, టిప్పుకు కొన్ని, రుద్రకు కొన్ని. అన్నిటికంటే ఎక్కువ ఓట్లు 'మను'కు. "అన్నా, పొద్దున లేవంగనే మనుగాన్ని తిట్టొచ్చు, మాట వినకపోతే ఒకటి పీకొచ్చు" అని ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. నాకు నవ్వొచ్చింది. కోపం సరైందే. కానీ ఆ పేరు వద్దంటున్న. ఎందుకు వద్దో రెండు ముక్కల్ల చెప్తే సరిపోదు, అందుకే ఈ వారం ఇదే రాస్తున్న.

ముందు మన ఊర్ల సంగతి. దొర గడి ముందు కట్టేసిన కుక్కకు రాజా అని పేరుండేది, టైగర్ అని ఉండేది. దానికి గిన్నెల గట్క పోసే జీతగానికి ఏ పేరుండేది? ఎల్లిగా. మల్లిగా. పోశిగా. తల్లిదండ్రులు ఎల్లయ్య అనే పెట్టుకున్నరు, 'అయ్య' వాడ దాటంగనే ఊడిపోయేది. కుక్కను రాజా అని ముద్దుగా పిలిచిన నోరే, యాభై ఏండ్ల మనిషిని 'ఒరే' అని పిలిచేది. ఆ జీతగాడు తన కొడుక్కు రాజా అని పేరు పెడితే ఏమయ్యేదో మీ తాతలను అడగండి, బతికున్నోళ్లు ఇంకా ఉన్నరు. పుట్టిన పిల్లలు దక్కకపోతే దిష్టి తగలకుండ పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకునుడు అన్ని కులాలల్ల ఉండేది, అది వేరే ముచ్చట. మనకు మాత్రం మంచి పేరు పెట్టుకున్నా పిలిచేటోడు దాన్ని చెడగొట్టి పిలిచేది.

అందుకే మన పెద్దలు పేరు కోసం అంత కొట్లాడిండ్రు. హైదరాబాదుల 1888ల పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి అయిండు, తర్వాత భాగ్యరెడ్డి వర్మ అయిండు. 1917ల బెజవాడ సభకు పోయి, 'పంచమ' అన్న మాటను పక్కకు పెట్టి 'ఆది ఆంధ్ర' అన్న పేరును నిలబెట్టిన సభకు అధ్యక్షత వహించిండు. ఒక జాతి తనకు తాను పేరు పెట్టుకునుడు అంటే అది. గీ చరిత్ర ఉన్నోళ్లం, పేరును అల్కగ తీసుకోలేం. కుక్క పేరైనా సరే.

ఇగ ఓటింగుల వచ్చిన పేర్ల దగ్గరికి వద్దాం. సీజర్. వినడానికి రోమ్ చక్రవర్తి లెక్క దర్జాగ ఉంటది. ఇంగ్లండ్ రాజు ఏడో ఎడ్వర్డ్ కుక్క పేరు కూడా సీజరే. 1910 మే నెలల రాజు చచ్చిపోతే శవపేటిక వెనుక ఆ కుక్క నడిచింది, దాని వెనుక తొమ్మిది దేశాల రాజులు నడిచిండ్రు. అందులో జర్మనీ కైజర్ ఒకడు. కైజర్ అన్న మాట కూడా సీజర్ నుంచి వచ్చిందే. ముందు ఒక సీజర్, వెనుక ఒక సీజర్. ఇక్కడిదాక నవ్వుకునే కథ.

దీనికి ఇంకో పక్క ఉన్నది. అమెరికాల తెల్ల యజమానులు తాము కొనుక్కున్న నల్లజాతి బానిసలకు సీజర్, పాంపీ, కేటో, సిపియో అని పేర్లు పెట్టేది. ఆఫ్రికాల తల్లి పెట్టిన పేరు ఓడ దిగేసరికి మాయమైతది, మెడల పలక వేసినట్టు రోమన్ పేరు వచ్చి పడ్తది. చేతుల కొరడా, పిలిచేది చక్రవర్తి పేరుతోటి. యజమానికి అదొక నవ్వులాట. అదే కాలంల ఇంగ్లండుల బొచ్చుకుక్కలకు కూడా అవే పేర్లు. 1751ల 'పాంపీ ది లిటిల్' అని ఒక నవల అచ్చయింది, అందుల కథానాయకుడు ఒడిల పెట్టుకునే కుక్క. అంటే లండన్ దొరసాని ఇంట్ల ఒకే పేరుతోటి ఒక కుక్క, ఒక నల్ల పిల్లగాడు ఉండొచ్చన్నట్టు. మన దగ్గర కుక్కకు రాజా, మనిషికి ఎల్లిగా. అక్కడ ఇద్దరికీ చక్రవర్తి పేర్లు. పద్ధతి వేరు, పని ఒక్కటే. ఆ ఎడ్వర్డ్ కుక్క మెడపట్టీ మీద తాను సీజర్‌నని, రాజుగారి సొత్తునని రాసి ఉండేదంట. సొత్తు అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

టిప్పు. ఇది మన పల్లెటూర్ల కుక్క పేరు. టిప్పు సుల్తాన్ మీద కసితోటి ఇంగ్లీషోళ్లు కుక్కలకు ఆ పేరు పెట్టిండ్రని, దానికి బదులుగ మనోళ్లు తెల్ల సిపాయిలను పిలిచే 'టామీ' అన్న పేరును కుక్కలకు పెట్టిండ్రని ఒక కథ చాన్నాళ్ల నుంచి తిరుగుతున్నది. కథ సంగతి ఎట్లున్నా, అది చెప్పేటోళ్లకు ఒక విషయం బాగా తెలుసు: ఓడించినోని పేరును కుక్కకు పెడితే, ఆ ఓటమి రోజుకు పదిసార్లు పిలుపుల వినపడ్తది. 1799 మే 4న శ్రీరంగపట్నంల టిప్పు నేలకొరిగిన నాడు ఇంగ్లీషోళ్ల పక్కన నిలబడ్డ సైన్యంల మన హైదరాబాద్ నిజాం సైన్యం కూడా ఉన్నది. అసుంటి నిజాం ఇలాకాల, ఇప్పుడు ముస్లిం పేరు కనపడితే చాలు వెక్కిరించే గాలి వీస్తున్న రోజులల్ల, ఒక దళిత పిల్లగాడు నడివీధిల "టిప్పూ, ఛీ, పో" అని అరిస్తే విన్నోడు ఏమనుకుంటడు? పక్క గల్లీల ఉన్న మన ముస్లిం దోస్త్ ఏమనుకుంటడు? మనకు మనసుల ఏమీ లేకపోవచ్చు. వినేటోనికి మన మనసు కనపడదు, పిలుపే వినపడ్తది.

ఇప్పుడు మను.

మనుస్మృతి చదవకుండ తిట్టేటోళ్లు మనలోనే ఎక్కువ. చదవాలె. పదో అధ్యాయం 51వ శ్లోకం దగ్గరికి పోండి. చండాలురు, శ్వపచులు ఊరి బయట ఉండాలె, వాళ్ల ఆస్తి కుక్కలు, గాడిదలు మాత్రమే కావాలె అని రాసి ఉంటది. శ్వపచుడు అంటేనే కుక్కను వండుకునేటోడని అర్థం. మూడో అధ్యాయం 239కి పోండి. బ్రాహ్మణులు తినేటప్పుడు ఎవరి చూపు పడొద్దో అక్కడ లెక్క ఉంటది: చండాలుడు, పంది, కోడి, కుక్క, ముట్టైన ఆడమనిషి, నపుంసకుడు. మనల్ని, కుక్కను ఒకే వరుసల నిలబెట్టింది వాడు. కుక్కను నీచం చేసి, దాని పక్కన మనల్ని పెట్టి, మనం నీచమని నిరూపించిండు. ఇదీ వాని లెక్క.

ఇప్పుడు మనం కుక్కకు మను అని పేరు పెట్టి, అది వానికి అవమానమని సంబరపడితే ఏమైతున్నది? కుక్క నీచమైంది అన్న వాని లెక్కను మనం ఒప్పుకున్నట్టే గదా. వాని కొలబద్దతోటే వాన్ని కొలుస్తున్నం. రేపు ఇంకొకడు మనల్ని కుక్కలనో, కుక్కను మన పెద్దల పేరుతోటో పిలిస్తే తప్పని ఏ మొఖంతోటి అంటం? బాబాసాహెబ్ 1927 మార్చిల మహాడ్ చెరువు నీళ్లు తాగినప్పుడు ఉన్న వాదన ఏంది? గొడ్లు, కుక్కలు తాగే నీళ్లను మనుషులు ముట్టుకోవద్దనేది ఏం ధర్మమని. కుక్కను ఆ నీళ్ల కాడి నుంచి తరమమని ఆయన అనలేదు, మమ్మల్నీ రానియ్యమన్నడు. అదే ఏడాది డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టించిండు. కాల్చింది పుస్తకాన్ని. ప్రాణమున్న దేనికీ ఆ పేరు పెట్టి తన్నలేదు.

'పరియేరుమ్ పెరుమాళ్' సినిమా చూసినోళ్లకు కరుప్పి యాదికుంటది. 2018ల మారి సెల్వరాజ్ తీసిండు. పిల్లగాళ్ల మీద కులపు కోపాన్ని వాళ్ల నల్ల కుక్క మీద తీర్చుకుంటరు, పట్టాలకు కట్టేస్తరు, రైలు వస్తది. మనిషి మీద కోపం కుక్క ఒంటి మీద తీరుడు అక్కడ చూసి మనం థియేటర్ల ఏడ్చినం. మను మీద కోపాన్ని మెట్ల కింద పిల్ల మీద తీర్చుకుందామనుడు ఏంది మరి? రెండు వేల ఏండ్ల కింద పోయినోనికి దెబ్బ తగులదు. తగిలేది దానికి.

కుక్కకు కులం అంటదా అని అడిగేటోళ్లకు ఒక నిజం ఘటన. 2010, మధ్యప్రదేశ్‌ల మొరేనా జిల్లా. ఒక దళిత తల్లి మిగిలిన రొట్టె ముక్కను ఒక కుక్కకు వేసింది. అది రాజపుత్రుల ఇంటి కుక్క, పేరు షేరూ. షేరూ అంటే సింహమే. దళితురాలి చేతి రొట్టె తిన్నది కాబట్టి కుక్క అంటరానిదైందని యజమాని వదిలేసిండు, ఆ కుక్కను దళితవాడకే పంపించి ఆ తల్లికి 15,000 రూపాయల జరిమానా వేయాలని పంచాయితీ తీర్పు చెప్పింది. దేశమంతా పేపర్లల్ల వచ్చింది. పొద్దున సింహం, ఒక్క రొట్టె ముక్కతోటి సాయంత్రానికి మాల మాదిగ వాడ కుక్క. నాకైతే ఆ కుక్క మీద గౌరవం పెరిగింది, రొట్టె ఎవరిదని అడగకుండ తిన్నందుకు.

ఇక్కడ ఒక చెల్లె సూటిగ అడిగింది. "కుక్క నీచం కాదంటున్నవు గదా అన్నా, మరి భీమ్ అని పెట్టొచ్చా?" మంచి ప్రశ్న, తప్పించుకోను. వద్దంట. కుక్క తక్కువైనందుకు కాదు. ఆ పేరును పిలిచేది మనమొక్కళ్లమే కాదు. ఇంటి ఓనర్ పిలుస్తడు, పాలాయన పిలుస్తడు, గేటు కాడ రాయి పట్టుకున్న పిల్లగాడు పిలుస్తడు. మనం ప్రేమతోటి పెట్టిన పేరు, వెక్కిరించాలని కాచుకొని కూర్చున్నోనికి ఊరికే దొరికిన వాటం అయితది. అట్రాసిటీ చట్టానికి 2015ల చేసిన సవరణల, ఎస్సీ, ఎస్టీలు గౌరవించే దివంగతులను మాటతోటి గానీ రాతతోటి గానీ ఇంకే తీరుగ గానీ అగౌరవపరిస్తే నేరమని చేర్చిండ్రు, సెక్షన్ 3(1)(వి). ఎవడన్నా కావాలని మన పెద్దల పేరు కుక్కకు పెట్టి వీధిల ఆడిస్తే నిలదీయడానికి ఆ సెక్షన్ తెలిసి ఉండాలె. మనమే ముందు పెట్టుకుంటే నిలదీసే నోరు సగం మూసుకుపోతది.

రుద్ర గురించి నాకు పెద్ద పేచీ లేదు. ఓరుగల్లుల ఆటోకు, జిమ్‌కు, జ్యూస్ సెంటర్‌కు అదే పేరు. రుద్రమదేవిని అనుకొని పెట్టిండ్రో, శివున్ని అనుకొని పెట్టిండ్రో పెట్టినోళ్లకే తెల్వాలె. ఒక్క మాట మాత్రం చెప్త, ఆ కాకతీయులు తమ శాసనాలల్ల చాలాచోట్ల తమను నాలుగో వర్ణం అనే చెప్పుకున్నరు. కోటకు పోయి తోరణం కాడ సెల్ఫీ దిగేటోళ్లకు ఇది ఎవరూ చెప్పరు.

పాత పేరే కావాలంటే కుక్కల చరిత్రలనే వెతకండి, రాజుల చరిత్రల ఎందుకు? సరమ అని ఉన్నది. ఋగ్వేదంల ఇంద్రుని పోయిన ఆవులను వెతికిపెట్టిన ఆడకుక్క. మన తెలుగుల సారమేయం అనే మాట ఆమె పేరు నుంచే వచ్చింది. ఆవులు దొరికినంక పేరు ఇంద్రునికి వచ్చింది, తిరిగింది మాత్రం ఆమె. ఏకలవ్యుని కథల కుక్క కూడా ఉన్నది, పాండవులది. దాని నోట్ల నిండ ఏడు బాణాలు చూసినంకనే ద్రోణునికి ఏకలవ్యుని జాడ తెలిసింది, బొటనవేలు పోయింది. దానికి పేరే పెట్టలేదు వ్యాసుడు. టాబీ ఉండనే ఉన్నది, బాబాసాహెబ్ నోట పలికిన పేరు, ఎవరినీ కించపరచనిది.

నన్ను ఒక్కటే చెప్పమంటే లైకా అంట. మాస్కో వీధికుక్క. చలికి, ఆకలికి అలవాటుపడ్డ వీధికుక్క అయితేనే తట్టుకుంటదని దాన్ని పట్టుకుపోయిండ్రు. 1957 నవంబర్ 3న స్పుత్నిక్-2ల పైకి పంపిండ్రు, భూమి చుట్టు తిరిగిన మొదటి ప్రాణి. తిరిగొచ్చే ఏర్పాటు లేదు, ఆ సంగతి పంపినోళ్లకు ముందే తెలుసు. కష్టానికి అలవాటుపడ్డోళ్లనే ఏరి ప్రమాదంలకు దించుడు మనకు కొత్త కాదు, మన మ్యాన్‌హోళ్లను చూడండి. అందుకే ఆ పేరు నాకు దగ్గర.

పేరు మీరే తేల్చుకోండి, ఇంకో పని మాత్రం మరువకండి. 2023 మే నెలల మన కాజీపేటల, బతుకుదెరువుకు వచ్చిన కుటుంబంల పిల్లగాన్ని వీధికుక్కలు చంపినయి. కుక్కల పేరు మీద జాలి రాతలు రాసేటోళ్లకు ఆ తల్లి కనపడలేదు. కుక్కలన్నిటినీ చంపెయ్యమన్నోళ్లకు, చెత్త ఎత్తని వాడలల్లనే అవి ఎందుకు గుంపులైతయో పట్టలేదు. కరిచేది మన పిల్లలనే, ఆరుబయట ఆడుకునేది వాళ్లే కాబట్టి. మీరు తెచ్చుకున్న పిల్లకు మూడు నెలలు నిండంగనే పశువుల దవాఖానకు తీస్కపోయి రేబిస్ సూది వేయించండి, ఏడాదికోసారి మళ్లీ వేయించండి, పెద్దగైనంక పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించండి. ఎవరినన్నా కరిస్తే, గీరినా సరే, పావుగంట సేపు సబ్బుతోటి నీళ్ల ధార కింద కడిగి అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలె. పసుపు, సున్నం, మంత్రం వద్దు. రూమ్‌ల ఉండే ప్రతి ఒక్కళ్లు దీనికి నెలకు యాభై రూపాయలు తీసి పక్కన పెట్టుకోండి, ఆ లెక్క కూడా వాట్సాప్ గ్రూపులనే రాసుకోండి.

వచ్చే వారం: హాస్టల్ మెస్సుల గుడ్డు ఎవరు ఎగ్గొడుతున్నరు?